పద్నాలుగో గూడు

ఆ ఆదివారం బుచ్చిబాబు పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. పదమూడు పిస్తోళ్ళకీ కుట్టుమిషను నూనె రాసి, పాత బనీను గుడ్డతో తుడిచి, రెండు పెసరట్లు తిని, మధ్యాహ్నం ఓ కునుకు తీయడం. ఎర్రమంజిల్‌లో ఓ ఆఫీసులో సూపరింటెండెంటుగా వారమంతా ఫైళ్ళ దుమ్ము తిన్నవాడికి ఆదివారం పూట ఆ కాస్త నూనె వాసన పీల్చుకునే హక్కుందని ఆయన నమ్మకం.

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు. మూడో అంతస్తులో బుచ్చిబాబు ఫ్లాటు. హాల్లో అందరిళ్ళలోనూ టీవీ ఉండే గోడకి ఆయన ఇంట్లో అద్దాల అలమర ఉంది. అందులో పద్నాలుగు గూళ్ళు, ఎర్ర వెల్వెట్ పరుపులు, ఒక్కోదాని కింద గుండ్రటి చేతిరాతతో చీటీలు. గడిచిన శతాబ్దం చివరి రోజుల్లో ఐరోపా సైనికులూ పోలీసులూ నడుముకు కట్టుకుని తిరిగిన రకాలన్నీ అక్కడ కొలువుతీరాయి. స్విట్జర్లాండు సైన్యం వాడిన సిగ్ ఉంది. ఇటలీ వాళ్ళ బెరెట్టా ఉంది. పిడి గట్టిగా పిసికితే తప్ప పేలని జర్మనీ పోలీసుల పి7 ఉంది. సొంత దేశపు సైన్యం పెట్టిన పరీక్షలో ఓడిపోయి, ఆ తర్వాత ఎవరికీ అక్కర్లేకుండా పోయి, అందుకే ఇప్పుడు అందరికీ కావలసివచ్చిన ఆస్ట్రియా వాళ్ళ స్టేయర్ ఉంది.

అన్నీ బొమ్మలే. స్పెయిన్‌లో పోతపోసిన లోహపు నమూనాలు. బరువు అసలుదంతే, చెక్కుడు అసలుదంతే, గొట్టంలో మాత్రం రంధ్రం ఉండదు. ఈ సంగతి అపార్ట్‌మెంటులో బుచ్చిబాబుకీ, ఆయన భార్య అరుణాదేవికీ తప్ప మూడో మనిషికి తెలియదు. అలాగని ఆయన ఎవరితోనూ అబద్ధమాడలేదు. ఎదురింటి పిల్ల పింకీ ఒకసారి "అంకుల్, ఇవి నిజమైనవా?" అని అడిగితే, చిన్నగా నవ్వి అలమర కర్టెన్ లాగేశాడు. ఆ నవ్వు నాలుగంతస్తులూ ఎక్కి దిగింది. అప్పట్నుంచీ బుచ్చిబాబు స్కూటర్ పెట్టుకునే చోట ఎవరూ బండి పెట్టరు. నీళ్ళ ట్యాంకరు వస్తే ఆయన ఫ్లాటుకే ముందు మోటారు వేస్తారు. అసోసియేషన్ మీటింగులో ఆయన దగ్గితే అందరూ మాటలు ఆపుతారు. ఆఫీసులో అటెండరు కూడా లెక్కచేయని మనిషికి ఇంతకంటే ఏం కావాలి?

కావాలి. పద్నాలుగో గూడు ఖాళీగా ఉంది. దాని కింద చీటీ మాత్రం ఎనిమిదేళ్ళ క్రితమే అంటించాడు: "వాల్తర్ పి5. జర్మనీ. 795 గ్రాములు." ఈ ఒక్క రకానికి నమూనా ఆయన ఎంత వెతికినా దొరకలేదు. అసలుదైతే సరిగ్గా రెండంతస్తుల కిందే ఉంది. అదే బుచ్చిబాబు ప్రాణానికి వచ్చిపడ్డ బాధ.

మొదటి అంతస్తులో ఉండే బాబూ మియాకు పంజాగుట్ట చౌరస్తా దగ్గర డ్రై ఫ్రూట్స్ దుకాణం. ఆయన మామగారు ఎప్పుడో జర్మనీలో పనిచేసి, తిరిగొస్తూ అప్పటి రూల్స్ ప్రకారం పర్మిషన్‌తో ఓ పిస్తోలు తెచ్చుకున్నాడట. ఆయన పోయాక లైసెన్సు అల్లుడి పేరుకి మారింది. ఎనిమిదేళ్ళ క్రితం ఓ రోజు బాబూ మియా దాన్ని బుచ్చిబాబుకి రెండు నిమిషాలు చూపించాడు.

"బాబూ మియా గారూ, ఇదేంటో తెలుసా మీకు? వాల్తర్ పి5! మిగతావాటికి పేల్చిన తూటా డొల్ల కుడిపక్కన పడితే, దీనికి ఎడంపక్కన పడుతుందండీ!"

"ఏ దిక్కు వడితే ఏంది భాయ్," అన్నాడు బాబూ మియా, దాన్ని మళ్ళీ పెట్టెలో పడుకోబెడుతూ. "ఊడ్చేదైతే మా బతూలే కదా. నాకైతే ఇది మామ ఇచ్చిన జర్మన్ సామాన్, అంతే."

జర్మన్ సామాన్! కోతికి కొబ్బరిచిప్ప దొరకడమంటే ఇదేనని బుచ్చిబాబు ఆ రోజు అన్నం తినలేదు. పేరు తెలిసినవాడికి బొమ్మలూ, పేరు కూడా తెలియనివాడికి అసలుదీనా? ఆ రోజు మొదలైన కడుపుమంట ఎనిమిదేళ్ళుగా చల్లారలేదు. బాబూ మియా భార్య బతూల్ రంజాన్‌కి పంపిన షీర్ ఖుర్మా పాయసం కూడా ఆ మంట మీద పనిచేయలేదు.

ఎన్నికలొస్తే ఆ మంట మరీ ఎగసేది. నోటిఫికేషన్ పడగానే లైసెన్సున్నవాళ్ళు ఆయుధాలు పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి, ఎన్నికలయ్యాక తెచ్చుకోవాలి కదా. అసెంబ్లీకీ, పార్లమెంటుకీ బాబూ మియా తెల్ల కుర్తా వేసుకుని, ఇత్తడి గొళ్ళెం ఉన్న చెక్కపెట్టె కుడిచేత్తో పట్టుకుని పట్టపగలు సందు మధ్యలోంచి నడిచివెళ్ళాడు. వాచ్‌మన్ లేచి సలాము కొట్టాడు. ఇస్త్రీ బండివాడు ఇస్త్రీపెట్టె కింద పెట్టి మరీ చూశాడు. బుచ్చిబాబు మాత్రం గేటు దగ్గర చేరినవాళ్ళకి, ఎవరూ అడగకపోయినా, పాఠం చెప్పాడు. "ఆ చెయ్యి వేలాడే తీరు చూశారా? ఏడువందల తొంభై అయిదు గ్రాములు. అది వాల్తరేనండీ. నా కన్ను మోసపోదు." అసూయలో కూడా తన పాండిత్యం వదులుకోలేని మనిషి ఆయన. మరి మీవో అని ఎవరన్నా అడిగితే, "తెల్లారకుండానే ఇచ్చొచ్చేశా" అనేవాడు. అబద్ధమాడలేదని పైన చెప్పింది ఈ రెండుసార్లూ మినహాయించుకుని.

ఇప్పుడు కార్పొరేషన్ ఎన్నికలొచ్చాయి. ఆదివారం ఉదయం తొమ్మిదికి, ఏడో పిస్తోలుకి నూనె రాస్తుండగా కింద గేటు చప్పుడయింది. బుచ్చిబాబు నూనెగుడ్డ పట్టుకునే బాల్కనీలోకి పరిగెత్తాడు. అదే తెల్ల కుర్తా, అదే పెట్టె. వాచ్‌మన్ ఈసారి గేటు రెండు రెక్కలూ తీశాడు. పింకీ చెయ్యి ఊపింది. బుచ్చిబాబు కళ్ళలో నిప్పులు పోసుకున్నాడు.

అంతటితో ఆగితే ఆ ఆదివారం పెసరట్టుతో ముగిసేది. కానీ కింద ఈ ఏడే కొత్తగా అసోసియేషన్ సెక్రటరీ అయిన మంజూష నిలబడి ఉంది. పాత సెక్రటరీకి బద్ధకమెక్కువ. మంజూషకి ఆ లోపం బొత్తిగా లేదు. తల పైకెత్తి చూసింది.

"బుచ్చిబాబు గారూ! మీరింకా ఇవ్వలేదా? స్టేషన్ నుంచి సర్క్యులర్ వచ్చిందండీ. ఇవాళే లాస్ట్ డేట్!"

బాబూ మియా కూడా తలెత్తాడు. "నాదంటే ఒక్కటే మేడం. ఆయనయి పదమూడు. జర టైమ్ వడ్తది," అని నవ్వాడు.

ఆ నవ్వులో ఏముందో దేవుడికే తెలియాలి. బుచ్చిబాబుకి మాత్రం ఎకసెక్కం కనిపించింది. 'అవి బొమ్మలండీ' అని రెండు మాటలంటే అయిపోయేది. ఆ రెండు మాటలూ వాచ్‌మన్ ముందు, ఇస్త్రీవాడి ముందు, అందరికంటే ముఖ్యంగా ఆ పెట్టె ముందు అనాలి. పరువు ఒప్పుకోలేదు.

"ఇదిగో, బయల్దేరుతున్నానండీ!" అని అరిచాడు.

వంటింట్లోంచి అరుణాదేవి అట్లకాడతో సహా వచ్చింది. "ఎక్కడికి బయల్దేరేది? బొమ్మలు పట్టుకుని పోలీసుల దగ్గరికా?"

"అరవకు. స్టేషన్‌కి ఎవరు వెళ్తారే? సూట్‌కేసులో సర్ది మాసబ్ ట్యాంక్‌లో మీ తమ్ముడు కేదార్ ఇంట్లో మంచం కింద పెట్టి వచ్చేస్తా. నెల తర్వాత తెచ్చుకుంటే సరి."

"వాడికి ఆవకాయ జాడీ ఇచ్చి రమ్మంటే మూడు నెలలుగా తీరికలేదు. దీనికుందా? ఉన్నమాట చెప్పేస్తే పోయేదానికి ఎందుకొచ్చిన తిప్పలండీ?"

"ఆ మియా ముందా?" అన్నాడు బుచ్చిబాబు. ఆమె వంటింట్లోకి పరిగెత్తింది. పెసరట్టు మాడుతోంది.

పదమూడు పిస్తోళ్ళనీ తువ్వాళ్ళలో చుట్టి, సూట్‌కేసులో సర్ది, రెండు చేతులా మోసుకుని కిందికి దిగేసరికి గేటు ముందు ఆటో సిద్ధంగా ఉంది. లోపల బాబూ మియా పెట్టె ఒళ్ళో పెట్టుకుని ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. మంజూష ఆటో పక్కన స్కూటీ స్టార్ట్ చేసి ఉంది.

"ఇద్దరూ ఒకచోటికే కదా, అందుకే ఆయన్ని ఆపేశానండీ," అంది మంజూష. "నడిచి పోతాననే అన్నారు. అలాంటి సామానుతో రోడ్డు మీద నడవడమేంటి, సేఫ్టీ వద్దూ? నేను మీ వెనకాలే వస్తా. డిపాజిట్ చేస్తుండగా ఒక్క ఫోటో తీసి గ్రూప్‌లో పెడితే మన అసోసియేషన్‌కే పేరు. స్టేషన్‌కి కూడా ఫోన్ చేసి చెప్పేశా, పదమూడు ఫారిన్ పిస్తోళ్ళు వస్తున్నాయి, చోటు చూసి ఉంచండీ అని."

సూట్‌కేసు బుచ్చిబాబు కాలి మీద పడింది. లోపల ఉన్న ఇనుమంతా ఒక్కసారి గల్లుమంది. "అబ్బ!" అని వాచ్‌మన్ గౌరవంగా అన్నాడు.

ఆటో అమీర్‌పేట మెట్రో కింద నుంచి పంజాగుట్ట వైపు తిరిగింది. అద్దంలో చూస్తే స్కూటీ తోకలా వెనకే ఉంది. ఒకరి సామాను వైపు ఒకరు ఓరకంట చూసుకున్నారు. బుచ్చిబాబుకి చెమటలు పడుతున్నాయి. చిత్రమేమిటంటే బాబూ మియా నుదురు కూడా తడిసింది. వేడికేమో అనుకున్నాడు బుచ్చిబాబు.

"బుచ్చిబాబు భాయ్," అన్నాడు బాబూ మియా చివరికి. "మీవి పదమూడు. రాసుకునేటందుకే రెండు గంటలు వడ్తది. మీరు ముందుగాల పోన్రి. నేను జర దుకాణం తెరిచొస్త."

'అమ్మ దొంగా! నన్ను ముందు పంపి, తర్వాత తీరిగ్గా వచ్చి నా పరువు పోతుంటే చూద్దామనా?' అనుకున్నాడు బుచ్చిబాబు. "అబ్బే, మీది ఒక్కటే కదండీ, క్షణంలో పని. మీరే ముందు కానీయండి. నాకు మాసబ్ ట్యాంక్‌లో అర్జెంటు పనుంది. మా బావమరిదికి ఒంట్లో బాలేదు."

"అయ్యో, ఏమయింది?"

"అదే... ఆవకాయ పడలేదు."

"మంచిగ చూపియ్యాలె. నాకు సుత షుగర్ డౌన్ అవుతున్నట్టుంది. ఏమన్న తింటే మంచిగుండు. తమ్మీ, ఈడ జర ఆపు."

"ఇక్కడే ఆపు బాబూ," అని అదే క్షణంలో బుచ్చిబాబు కూడా అన్నాడు. ఆటో ఆగింది. ఇద్దరూ చెరోపక్క నుంచి కాళ్ళు కింద పెట్టారు. వెనక స్కూటీ హారన్ మోగింది. "ఇంకా రాలేదండీ, ముందుకే!" అని మంజూష కేక పెట్టింది. రెండు జతల కాళ్ళూ మళ్ళీ పైకి లేచాయి.

స్టేషన్ మెట్ల దగ్గర నలుగురు కానిస్టేబుళ్ళు చేతిలో తుపాకులతో నిలబడి ఉన్నారు. బుచ్చిబాబు జీవితంలో తన కోసం ఇంతమంది నిలబడటం అదే మొదటిసారి. ఆ మాటకి సంతోషించే స్థితిలో ఆయన లేడు. లోపల ఎస్సై వంశీకృష్ణ కుర్చీలోంచి లేచి ఉన్నాడు.

"పదమూడు పిస్తోళ్ళ సారు ఎవలు?"

బాబూ మియా రెండడుగులు వెనక్కి వేశాడు. గుమ్మడికాయల దొంగ అనకముందే బుచ్చిబాబు భుజాలు తడుముకున్నాడు.

"ఒక్క మనిషికి రెండు దాటొద్దని చట్టం సారూ. పదమూడెట్ల ఉన్నయ్ మీ తాన? లైసెన్సులు ఏవి? సూట్‌కేస్ కింద వెట్టి ఎనకకు జరుగున్రి. చేతులు కనవడాలె."

బుచ్చిబాబు చేతులు పైకెత్తాడు. ఇంకా నూనెగుడ్డ కుడిచేతిలోనే ఉందని అప్పుడు గమనించాడు. "సార్, అసలు సంగతి ఏంటంటే..." అని గొంతు పెగల్చుకునేలోపు మంజూష ముందుకొచ్చింది.

"ఆయన చాలా పెద్ద గన్ కలెక్టరండీ! సూట్‌కేసు కింద పడినప్పుడు ఆ చప్పుడు వినాల్సింది మీరు!"

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదీ. ఓ కానిస్టేబుల్ సూట్‌కేసు తెరిచి, తువ్వాళ్ళు ఒక్కొక్కటీ విప్పి, పిస్తోళ్ళని బల్ల మీద వరసగా పేర్చాడు. నూనె రాసినవి ఏడు తళతళలాడాయి. ఎస్సై మొదటిదాన్ని అందుకుని, లైటు కింద తిప్పి, గొట్టంలోకి చూశాడు. ఇంకోటి చూశాడు. ఇంకోటి. బాల్‌పెన్ తీసి గొట్టంలో పెట్టబోయాడు. పెన్ను పోలేదు. ఎస్సై మొహంలో మొదట ఊరట, తర్వాత నవ్వు, ఆ నవ్వు ఆపుకునే ప్రయత్నం ఒకదాని వెంట ఒకటి కనిపించాయి.

"ఇవి బొమ్మలు కదా సారూ."

"నమూనాలు," అన్నాడు బుచ్చిబాబు నేల చూస్తూ.

"బొమ్మలా?" అంది మంజూష. ఆ తర్వాత ఆమె చెయ్యి ఫోను మీద ఎంత వేగంగా కదిలిందో ఎవరూ చూడలేదు. క్లిక్కుమనడం మాత్రం అందరికీ వినబడింది. అది ఫోటో. మరుక్షణం బుచ్చిబాబు జేబులో ఫోను టింగుమంది. అది గ్రూపు. ఇక టింగుటింగులు ఆగలేదు.

బుచ్చిబాబుకి ఏడుపొచ్చింది. ఎనిమిదేళ్ళ పరువు పెన్ను దూరని గొట్టంలోంచి కారిపోయింది. "ఠాణాల ఫోటోలేంది మేడం? ఫోన్ లోపల వెట్టి బయట కూర్చోన్రి," అని ఎస్సై మంజూషని పంపేశాడు. కానీ అయ్యేది అప్పటికే అయిపోయింది.

"సార్, ఆయన మంచి మనిషి," అన్నాడు బాబూ మియా ఉన్నట్టుండి. "ఎనిమిదేండ్ల సంది ఎరుక నాకు. చీమకు సుత హాని చెయ్యడు. కేసూ గీసూ వెట్టకున్రి. జమానత్ నేనిస్త, పూచీ నాది."

"కేసేం లేదు," అన్నాడు ఎస్సై. "బొమ్మలని ఇంటి మీద బోర్డు వెట్టుకున్న తప్పులేదు. మళ్ళ ఇసొంటి హడావిడి చెయ్యకున్రి, గంతే. ఇగ మీది చూద్దాం చాచా. పెట్టె ఇటియ్యున్రి."

తన కొంప మునిగి ఉన్నా బుచ్చిబాబు మెడ సాచాడు. ఎనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ వాల్తర్ పి5! పరువు పోయినా కన్ను పోలేదు కదా. బాబూ మియా మాత్రం పెట్టెని గుండెలకి హత్తుకున్నాడు.

"సార్, నాది రేపు..."

"ఇటియ్యున్రి చాచా."

ఇత్తడి గొళ్ళెం టక్కుమంది. లోపల ఎర్ర మఖ్మల్ గుడ్డ. గుడ్డ మీద ఓ అరకిలో తూకంరాయి, దాని పక్కన రెండువందల గ్రాములది, దాని పక్కన వందది. కింద మడతపెట్టిన ఓ కాగితం. ఎస్సై ఆ రాళ్ళ వంకా, మనిషి వంకా మార్చి మార్చి చూశాడు.

"ఇదేంది చాచా?"

బాబూ మియా కాగితం విప్పి చేతికిచ్చాడు. "మూడేండ్ల కింద మా మనవరాలు అంబ్రీన్ పాకుతుండె. ఇంట్ల బిడ్డన్న ఉండాలె, బందూకన్న ఉండాలె అన్నది బతూల్. ఈ స్టేషన్లనే లైసెన్స్‌తోని సుత అప్పజెప్పిన. రసీదు ఇగో. మీ రిజిస్టర్ల చూస్కోన్రి."

రిజిస్టరు తెప్పించారు. చూశారు. ఉంది. "మరి గీ రాళ్ళెందుకు మోస్తున్నవ్?" అన్నాడు ఎస్సై.

బాబూ మియా బుచ్చిబాబు వైపు తిరిగాడు. ఆ కళ్ళలో ఉన్నదాన్ని బుచ్చిబాబు వెంటనే గుర్తుపట్టాడు. ఎనిమిదేళ్ళుగా రోజూ అద్దంలో చూసుకుంటున్నదే కదా.

"మీ ఇంట్ల పదమూడుండె భాయ్," అన్నాడు బాబూ మియా. "అద్దాల అల్మారీ, లైటింగు, పేర్లు రాసి చీటీలు! నాకున్నదే ఒక్కటి. అదిగూడ లేదంటే మీ ముంగల తలెట్ల ఎత్తుకుంట? మీ అల్మారీ చూసినంక ఎన్ని దినాలు నిద్రవట్టలేదో బతూల్‌నే అడుగున్రి. అందుకే ఎలక్షన్లొస్తే పెట్టె వట్టుకొని దుకాణం పోతుంటి, నెల దినాలు బస్తాల ఎనక దాస్తుంటి. ఇయ్యాల ఆ మేడం ఆటో ఎక్కియ్యబట్టి ఈడికొచ్చిన."

"కానీ... చెయ్యి వేలాడే తీరు..." బుచ్చిబాబు మాట పూర్తిచేయలేకపోయాడు.

"మీరే కదా మిద్దె మీద మీటింగుల చెప్తిరి, ఏడువందల తొంభై అయిదు గ్రాములని. అయిదు గ్రాములు ఎక్కువైంది. అంత చిన్న రాయి మా దుకాణంల లేకుండె."

ఎస్సై ఇక ఆపుకోలేదు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "రాళ్ళు మోసుకుపోతే కేసేం లేదు చాచా. ఇద్దరు మీ మీ సామాన్లు దీసుకొని పోన్రి," అన్నాడు.

అది అంత సులువుగా ఉంటే బాగుండును. బయట బెంచీ మీద మంజూష ఉంది. పెట్టెతో సహా బయటికెళితే బాబూ మియా డిపాజిట్ చేయలేదని తెలిసిపోతుంది. పెట్టె ఉంచుకోవడానికి ఎస్సై ఒప్పుకోడు. బాబూ మియా గదిలో నాలుగు మూలలా చూసి, చివరికి బుచ్చిబాబు సూట్‌కేసు వైపు చూశాడు.

"భాయ్, మీ ఇజ్జతైతే ఎట్లైన పోయింది," అన్నాడు మెల్లగా.

బుచ్చిబాబు కడుపులో అగ్గి రాజుకుంది. తన పరువు బజారున పడ్డ పూటే ఈయన పరువుని తన సూట్‌కేసులో దాచాలా? ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే. ఆ పల్లకీ ఇప్పుడు తన చేత మోయిస్తున్నాడు! కానీ ఇందాక జమానతు ఇస్తానన్నది ఈయనే. తువ్వాళ్ళు కాస్త పక్కకి జరిపి చోటు చేశాడు. పెట్టె పదమూడు పిస్తోళ్ళ మధ్య హాయిగా పడుకుంది.

మెట్లు దిగగానే మంజూష లేచింది. బుచ్చిబాబు వంక జాలిగా చూసి, బాబూ మియా ఖాళీ చేతులు చూసి, గొంతు తగ్గించి అడిగింది. "బుచ్చిబాబు గారూ, మరి బాబూ మియా గారిది? అది కూడా బొమ్మేనా? మీకైతే తెలుస్తుందిగా."

ఒక్క మాట చాలు. ఆ మాట బుచ్చిబాబు నాలుక చివరిదాకా వచ్చింది. తనొక్కడే ఎందుకు మునగాలి? బాబూ మియా మొహం పాలిపోయింది. అంతలో బుచ్చిబాబుకి గేటు దగ్గర తను చెప్పిన పాఠాలన్నీ గుర్తొచ్చాయి. 'నా కన్ను మోసపోదు' అన్న మాటతో సహా. రాళ్ళని చెబితే? బొమ్మలు పెట్టుకున్నవాడంటే పోనీ సరదా అంటారు. తూకంరాళ్ళని చూసి మూడేళ్ళు కుళ్ళుకున్నవాణ్ణి ఏమంటారు?

"అసలుదేనండీ," అన్నాడు బుచ్చిబాబు. "వాల్తర్ పి5. నా కళ్ళతో చూశాను."

సాయంత్రానికి బుచ్చిబాబు స్కూటర్ పెట్టుకునే చోట రెండో అంతస్తువాళ్ళ బైకు నిలబడి ఉంది. ట్యాంకరొచ్చింది, ఆయన ఫ్లాటు వంతు ఆఖరుకి వచ్చింది. పింకీ మెట్ల మీద ఎదురై వేలితో గురిపెట్టి "ఠాప్!" అంది. "పోనీలెండి, ఇక అలమర తాళంచెవి నడుముకు కట్టుకు తిరగక్కర్లేదు," అని అరుణాదేవి ఓదార్చింది. ఆయన ఓదారలేదు.

నెల తర్వాత ఎన్నికలయ్యాయి. బాబూ మియా చేతిలో జీడిపప్పు డబ్బాతో వచ్చి, తలుపు దగ్గరగా వేసి, "మన సామాన్..." అన్నాడు. బుచ్చిబాబు అలమర కర్టెన్ తీశాడు. పద్నాలుగో గూట్లో ఎర్ర వెల్వెట్ మీద మూడు తూకంరాళ్ళు, పెద్దది, మధ్యది, చిన్నది, కుట్టుమిషను నూనెతో నిగనిగలాడుతున్నాయి. కింద చీటీ మీద 795 కొట్టేసి 800 అని దిద్ది ఉంది.

"ఆదివారమాదివారం వాటిక్కూడా రాస్తున్నారన్నయ్యా," అంది అరుణాదేవి వంటింట్లోంచి.

బాబూ మియా దగ్గరికెళ్ళి చూశాడు. "మస్తుగ మెరుస్తున్నయ్ భాయ్. ఈడనే ఉండనియ్యిన్రి. ఎలక్షన్లొస్తే అడిగి దీస్కపోత," అని ఖాళీ పెట్టె మాత్రం పట్టుకుని, ఠాణా నుంచి తెచ్చుకుంటున్నట్టు కనిపించాలి కనక వెనక మెట్ల మీదుగా దిగి, సందు చుట్టూ తిరిగి ముందు గేటు దగ్గరికి వచ్చాడు.

బుచ్చిబాబు బాల్కనీలో నిలబడి అంతా చూశాడు. ఖాళీ పెట్టె కదా, చెయ్యి మరీ తేలిగ్గా ఊగుతోంది. కాస్త కిందికి వేలాడేయమని సైగ చేశాడు. బాబూ మియా వేలాడేశాడు. వాచ్‌మన్ లేచి, గేటు రెండు రెక్కలూ తీసి, సలాము కొట్టాడు.

బుచ్చిబాబుకి మళ్ళీ కడుపు మండింది. రాళ్ళు తనవి, సలాము ఆయనది.